గుల్ల సున్నం గోడకు సిమెంటు పూత

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు కాస్త దూరంలో ఉన్న మా తాతగారి ఇటుక ఇంటిని అమ్మాలా, ఉంచాలా అన్న మాట వచ్చినప్పుడల్లా, అది పాతబడి కూలిపోతోందనే వాదనే మా అన్నదమ్ముల్లో గెలుస్తూ వస్తోంది. ఆ ఇంటికి చేటు తెచ్చింది దూరదేశంలో కూర్చుని మేము చేయించిన మరమ్మతేనని నేను నమ్ముతున్నాను.

1933లో ఓడరేవు ప్రారంభం కావడానికి ముందే కట్టిన ఆ ఇంటి గోడలు అడుగున్నర మందం. సముద్రపు గుల్లలను కాల్చి తీసిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం చేర్చి ఆ ఇటుకలను పేర్చారు. పైకప్పు మద్రాసు టెర్రస్: టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంలో పేర్చి, వాటిపై ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరచి, రోజుల తరబడి దిమ్మిసతో కొట్టించారు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదుల్లో నేల చల్లగా ఉండేది.

సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. లోపల చిక్కిన తడిలోని ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాని ముఖాన్ని పొడిపొడిగా రాల్చేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తూర్పు గోడ పూతను ఊడగొట్టినప్పుడు, మేము ఫోనులోనే మాట్లాడి సిమెంటు పూయించాము. మూడు వానాకాలాలు తిరగకుండానే, అంతవరకూ చెక్కుచెదరని ఇటుక వేలితో గీరితే రాలడం మొదలైంది. దాని స్థానంలో అపార్టుమెంటు కడితే నిశ్చింత అనేవారు, ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులూడుతున్న బీచ్ రోడ్డు కాంక్రీటు భవనాలను ఒక్కసారి దగ్గరగా చూడాలి.

విశాఖలోని హవా మహల్‌కూ టౌన్‌హాలుకూ పేరుంది కనుక వాటి కోసం అడిగేవారున్నారు. మన ఇళ్ల కోసం, కాగితాల మీద పేరున్న మనమే అడగాలి. అమ్మకానికి సంతకం చేసే ముందు, కనీసం సున్నం పని తెలిసిన మనిషి చేత ఒకసారి గోడను పరీక్ష చేయించమని ఈ పత్రిక చదివే ప్రతి వారసుణ్నీ కోరుతున్నాను.

మాకు అటువంటి తాపీమేస్త్రీ ఒకాయన భీమిలిలో దొరికారు. సంక్రాంతికి సిమెంటు గీకేసి, ఒక వేసవంతా గోడను ఆరనిచ్చాకే సున్నం పూస్తానన్నారు. ఆ వేసవి గడిచేదాకా సంతకం పెట్టనని అన్నయ్యకు చెప్పాను.