సంతకాల సార్వభౌములు

అమెరికా పౌర హక్కుల చరిత్ర చెప్పే పెద్దలకు ఒక చక్కని అలవాటు ఉంది. వీధుల్లో లాఠీదెబ్బలు తిన్నవారిని నేపథ్యంలోకి నెట్టి, బల్ల ముందు కూర్చుని సంతకం పెట్టినవారికి నాయకత్వమనే కిరీటం తొడగడం వారి ఆనవాయితీ. ఇంతటి సదాచారాన్ని కాదనడానికి మనమెవరం?

1964 జూలై 2న వైట్‌హౌస్‌లో, జాతి వివక్షను నిషేధించిన పౌర హక్కుల చట్టంపై సంతకం చేయడానికి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 75కు పైగా కలాలు వాడారు. ఇంగ్లీషులో ఆయన సంతకం 14 అక్షరాలు, అంటే అక్షరానికి అయిదు కలాలకు పైమాటే. ఒక కలంతో గీత మొదలుపెట్టి, మరొకదానితో దాన్ని కాస్త వంచి, ఇంకొకదానితో ఆ వంపును ఎలాగో ఒడ్డు చేర్చి, చుట్టూ చేరిన పెద్దమనుషులకు వాటిని పెళ్ళిపందిట్లో తాంబూలాల్లా పంచిపెట్టిన ఆ క్రతువును తలచుకుంటే, హక్కులు సిరాబుడ్డిలోనే పుడతాయని ఎంతటి నాస్తికుడికైనా నమ్మకం కుదురుతుంది. చట్టసభలో అడుగుపెట్టిన తొలి రెండు దశాబ్దాల పాటు ఆ దొరగారే పౌర హక్కుల బిల్లులకు వ్యతిరేకంగా ఓటు వేశారన్నది, పాపం, చిన్న విషయం.

కలం మహిమను జాన్సన్‌కు ముందు అధ్యక్షుడైన కెన్నెడీ అంతకంటే ముందే కనిపెట్టారు. గృహవసతిలో జాతి వివక్షను ఒక్క కలంపోటుతో రూపుమాపవచ్చని 1960 ఎన్నికల్లో సెలవిచ్చి, గెలిచాక 1962 నవంబరు దాకా ఆ పోటు వేయలేదు. కలం దొరకలేదేమోనని జాలిపడి జనం తపాలాలో ఆయనకు కలాలు పంపించారు.

ఇక ఈ వేళాకోళం చాలు. జాన్సన్ కలాలు పంచుతున్న ఆ సాయంత్రానికి చేనీ, గుడ్‌మన్, ష్వెర్నర్ అనే ముగ్గురు యువకులు మిసిసిపీ రాష్ట్రంలో ఒక మట్టికట్ట కింద శవాలై 11 రోజులయింది. నల్లజాతివారి ఓటు కోసం పనిచేయడమే వారి నేరం. వారిని చంపిన ముఠాలో పోలీసు అధికారి కూడా ఉన్నాడు. మరుసటి ఏడాది మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద, ఓటు హక్కు కోసం నడుస్తున్న జనాన్ని పోలీసులు చితకబాదితే తప్ప, ఓటు హక్కు బిల్లు కోసం అధ్యక్షుడు చట్టసభ ముందు నిలబడలేదు. అది నాయకత్వమా? నెత్తురు చూశాక కదిలినవాడు నడిపినవాడెలా అవుతాడు?

ఆ పోరాటాల ఊపులోనే 1965 అక్టోబరు 3న పుట్టిన దేశాన్ని బట్టి వలసదారులకు పెట్టిన వాటాలను రద్దు చేసిన వలస చట్టం వచ్చింది. ఆ తలుపు తెరుచుకున్నాకే అమెరికాకు వెళ్ళి, ఇళ్ళూ వాకిళ్ళూ అమర్చుకున్న మన తెలుగు మేధావులు కొందరు, విందు భోజనాల దగ్గర చేయి కడుక్కుంటూ, ఈ నల్లవాళ్ళకు ఇంకా ఏం కావాలట అని అడుగుతున్నారు.