సవరణ: బరువు లెక్కలో 25 కాదు, 23

మా డ్వాక్రా అక్కచెల్లెళ్ల కోసం ఫోన్‌లో నడుపుతున్న బరువు తగ్గే గ్రూపు గురించి పోయిన వారం రాశాను. అందులో 'బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 25 దాటనంత వరకు టెన్షన్ అక్కర్లేదు' అన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. 25 అనేది అంతర్జాతీయంగా వాడే హద్దు. మన దేశపు వైద్య నిపుణులు కలిసి 2009లో ప్రచురించిన సూచనల ప్రకారం భారతీయులకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. తక్కువ బరువులోనే మనకు పొట్ట దగ్గర కొవ్వు చేరడం, షుగర్ రావడం ఇందుకు కారణం.

తేడా చిన్నది కాదు. 150 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి నేను చెప్పిన హద్దు 56 కిలోలు. అసలు హద్దు సుమారు 52. మధ్యలో ఉన్నవాళ్లకు నా మాట వల్ల లేనిపోని ధీమా వచ్చి ఉంటుంది.

ఇంట్లో కాటా లేకపోతే కుట్టుపని టేపుతో నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా. పొట్ట లోపలికి లాగొద్దు. ఆడవాళ్లకు హద్దు 80 సెంటీమీటర్లు, అంటే 31.5 అంగుళాలు. గర్భిణులకు ఈ లెక్కలేవీ వర్తించవు.

ఇంకొకటి. 'రాత్రి అన్నం తగ్గించండి' అన్నదాన్ని కొందరు రాత్రి తిండే మానేయమన్నట్టు చదివారు. నేను చెప్పింది ఒక గరిటె అన్నం తగ్గించి, ఆ మేర పప్పో ఆకుకూరో పెంచమని. కూలికి వెళ్లొచ్చి పస్తు పడుకోవద్దు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు అసలే వద్దు.