సవరణ: ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఇల్లు కొనేటప్పుడు ట్రాన్స్‌ఫర్ పన్ను

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఇల్లు కొనడం గురించిన పోస్టులో "35 ఏళ్లలోపు వాళ్లకు ట్రాన్స్‌ఫర్ పన్ను లేదు" అని ఉన్న వాక్యాన్ని ఇలా సరిచేసి చదువుకోండి. ట్రాన్స్‌ఫర్ పన్ను అంటే ఇల్లు మన పేరుకు మారేటప్పుడు కొనేవాళ్లు కట్టే పన్ను.

ఈ మినహాయింపుకు ఇంటి విలువ మీద పరిమితి ఉంది: 2025లో 5,25,000 యూరోలు, 2026లో 5,55,000. అది దాటితే పైమొత్తానికే కాదు, మొత్తం విలువ మీద 2 శాతం పడుతుంది. 2026లో 5,60,000 పెట్టి కొంటే పన్ను 11,200 యూరోలు! వెస్ట్‌వైక్ లాంటి ప్రశాంతమైన కాలనీలో ఇల్లు నచ్చేసి, చేజారుతుందన్న టెన్షన్‌లో బిడ్ ఇంకో ఐదువేలు పెంచేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి. మామూలుగా బ్యాంకు ఇంటి విలువకు మించి లోన్ ఇవ్వదు కాబట్టి పన్ను, నోటరీ ఫీజు చేతి డబ్బుతోనే కట్టాలి.

వయసు చూసేది కొనుగోలు ఒప్పందం రోజున కాదు, నోటరీ దగ్గర ఇల్లు మీ పేరుకు మారే రోజున. ఈలోగా 35 నిండేవాళ్లు ఆ తేదీని పుట్టినరోజుకు ముందే పెట్టమని అమ్మేవాళ్లను తప్పకుండా అడగండి. భార్యాభర్తలు చెరిసగం కొంటూ ఒకరికే 35 నిండితే, ఆ నిండినవాళ్ల సగానికే పన్ను ఉంటుంది.

ఇల్లు సొంతంగా ఉండటానికే అయి ఉండాలి. మినహాయింపు ఒక్కసారే.