బంగారు పుట్టలో వేలు

పత్రికల్లో అప్పుడప్పుడు ఒక వార్త కనబడుతుంది. ఫలానా చోట ఫలానా వారు తుపాకీని శుభ్రం చేస్తుండగా అది ప్రమాదవశాత్తూ పేలింది. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, శుభ్రం చేయడం మాత్రం మారదు. ఈ వార్తలను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్న మీదట నాకు తేలినదేమిటంటే, తుపాకులకు పరిశుభ్రత గిట్టదు. దుమ్ము పట్టి ఉన్నంతకాలం బుద్ధిగా గోడకు వేలాడతాయి. గుడ్డపీలిక, నూనెసీసా కంటబడగానే సహనం కోల్పోతాయి. ఆ సమయంలో పక్కన ఉన్న పాపానికి మనిషికి తగులుతుంది. అతని చెయ్యి అప్పుడు ఎక్కడుందన్నది వార్తలో ఉండదు.

నోరుండీ మాట్లాడలేని ఒక వస్తువు మీద ఇంత అపవాదు మోపడం న్యాయం కాదు. అందుకని తుపాకీ తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు. నా కక్షిదారు నిర్దోషి అని రుజువు చేయడానికి కాస్త యంత్రశాస్త్రం చాలు.

సాక్షులను వరసగా పిలుద్దాం. ట్రిగ్గర్‌ను అడగండి. ‘నేను తూటాను తాకనైనా లేదు, కాస్త వెనక్కి జరిగానంతే’ అంటుంది. నిజమే. ట్రిగ్గర్ జరిగితే సియర్ అనే చిన్న కొక్కెం పక్కకు తప్పుకుంటుంది. కొక్కెం తప్పుకుంటే అప్పటిదాకా స్ప్రింగును బిగబట్టుకుని నిలబడ్డ హ్యామర్ ముందుకు దూకుతుంది. హ్యామర్ వెళ్లి ఫైరింగ్ పిన్నును కొడుతుంది. పిన్ను తూటా అడుగున నిప్పు రాజేయడానికి ఉన్న ప్రైమర్‌ను పొడుస్తుంది. ప్రైమర్ మండితే తూటాలోని తుపాకీమందు అంటుకుంటుంది, మందు అంటుకుంటే వాయువు పుడుతుంది, ఆ వాయువు బుల్లెట్‌ను తోస్తుంది. ఇందులో ప్రతి ఒక్కరూ తన పక్కవాడిని కదిపారే తప్ప ఎవరికీ హాని చేయలేదు. ఎంత పెద్ద విచారణ సంఘం వేసినా అందరూ కడిగిన ముత్యాల్లా బయటపడతారు.

ఇక్కడికి వచ్చేసరికి ఏడు చేపల కథ గుర్తుకు రావాలి. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు కారణం, గడ్డిమోపుకు ఆవు, ఆవుకు పాలేరు, పాలేరుకు అవ్వ, అవ్వకు పిల్లవాడు, పిల్లవాడికి చీమ. చివరికి చీమ ఏమంది? నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. తెలుగు పిల్లలకు నాలుగేళ్లకే తెలిసిపోయే ఈ సంగతిని కనిపెట్టడానికి ఆయుధ పరిశ్రమకు కొన్ని తరాలు పట్టింది. అసలు ముద్దాయి వేలు.

చిక్కేమిటంటే వేలు కర్మాగారంలో తయారు కాదు. కొనుగోలుదారు తన వెంట తెచ్చుకుంటాడు. దానికి తనిఖీ లేదు, గ్యారంటీ లేదు, పాడైతే మార్చి ఇచ్చే పద్ధతీ లేదు. కనుక వేలిని వదిలేసి తక్కిన వాటన్నిటికీ కళ్లేలు వేయడం మొదలుపెట్టారు. పాతకాలపు అమెరికన్ రివాల్వర్లకు ఆరు గదులుంటే, జాగ్రత్తపరులు ఐదింటిలోనే తూటాలు పెట్టి హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచేవారు. తుపాకీ కింద పడి హ్యామర్‌కు దెబ్బ తగిలినా పేలకుండా ఉండాలని. తర్వాత జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 పిస్టల్‌కు రెండు కాపలాలు వచ్చాయి. బొటనవేలితో తిప్పే మీట ఒకటి. పిడిని అరచేత్తో గట్టిగా పట్టుకుంటే తప్ప ట్రిగ్గర్‌ను పనిచేయనివ్వని పలక ఇంకొకటి. అంటే చూపుడువేలు పెట్టిన దరఖాస్తు మీద బొటనవేలు, అరచేయి కూడా సంతకం చేయాలి. మూడు సంతకాలూ ఒకే మనిషివి కావడం ఈ ఏర్పాటులోని చిన్న లోపం.

ఈ మీటల బెడద వద్దనుకున్నవాడు ఆస్ట్రియా దేశపు గాస్టన్ గ్లాక్. పిస్టల్ జోలికి రాకముందు ఆయన కర్టెన్ కడ్డీలు, సైన్యానికి కత్తులు తయారుచేసేవాడు. బహుశా అందువల్లనే ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంపిక చేసుకున్న ఆయన పిస్టల్‌కు పక్కన తిప్పే సేఫ్టీ మీట లేనే లేదు. బదులుగా మూడు సేఫ్టీలు లోపలే ఉన్నాయి. ఒకటి ఫైరింగ్ పిన్నుకు అడ్డంగా నిలబడుతుంది. రెండోది తుపాకీ కింద పడినప్పుడు లోపలి భాగాలు జారకుండా పట్టుకుంటుంది. మూడోది, అందరికీ కనబడేది, ట్రిగ్గర్ మధ్యలో సన్నటి నాలుకలాగా ఉంటుంది. ఆ నాలుకను నొక్కితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి కదలదు. పక్కనుంచి అంచుకు ఏదైనా తగిలినా, పిస్టల్ నేల మీద పడినా చలించదు.

ఎంత పకడ్బందీగా ఉందో గమనించండి. గాలికి పేలదు, జారిపడితే పేలదు, అంచు తగిలితే పేలదు. ట్రిగ్గర్ మధ్యలో వేలు పెట్టి నొక్కితే మాత్రమే పేలుతుంది. వేలు నొక్కుతున్నకొద్దీ మూడు సేఫ్టీలూ ఒకదాని వెనక ఒకటి లేచి నిలబడి, దారి వదిలి, వేలు తీశాక మళ్లీ తమతమ స్థానాల్లో కూర్చుంటాయి. ఇంత మర్యాద తెలిసిన కాపలాదారులను నేను మరెక్కడా చూడలేదు. యజమాని వేలికీ, ట్రిగ్గర్‌లో ఇరుక్కున్న జాకెట్ తాడు చివరకూ తేడా వాటికి తెలియదు. తెలుసుకోవడం వాటి పని కాదు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఈ పిస్టల్‌ను శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. అవును, నొక్కాలి. తూటాల పెట్టె అయిన మ్యాగజైన్‌ను తీసి, పైన జరిగే స్లైడును వెనక్కి లాగి, గొట్టం మొదట్లో తూటా కూర్చునే ఛాంబర్‌లో తూటా లేదని కళ్లతో చూసి, ఆ తర్వాత నొక్కాలి. మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అయిపోయినట్లే అనుకునే వారికి ఛాంబర్‌లో మిగిలిపోయిన ఒక్క తూటా పాఠం చెబుతుంది. కాబట్టి శుభ్రం చేస్తుండగా పేలిందనే వార్తను ఇకపై నేను వెక్కిరించను. అది కొన్నిసార్లు అక్షరాలా నిజం.

న్యూయార్క్ పోలీసులు ఇదే సమస్యకు ఇంకా లోతైన పరిష్కారం ఆలోచించారు. మామూలు గ్లాక్ ట్రిగ్గర్‌ను లాగడానికి దాదాపు రెండున్నర కిలోల బలం కావాలి. తొందరపాటు కాల్పులు తగ్గాలని ఆ పోలీసు శాఖ తన పిస్టళ్లకు దాదాపు ఐదున్నర కిలోల ట్రిగ్గర్ పెట్టించింది. ఆలోచనను బరువెక్కించడం కష్టం గనుక స్ప్రింగును బరువెక్కించారన్నమాట. అంత బరువు లాగేటప్పుడు పిస్టల్ కూడా కాస్త కదులుతుంది, గురి కూడా కాస్త కదులుతుంది. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం దగ్గర ఒక హంతకుడిపై ఇద్దరు పోలీసులు 16 సార్లు కాల్చారు. హంతకుడు చనిపోయాడు. దారిన పోతున్న తొమ్మిది మంది బుల్లెట్లో, వాటి తునకలో తగిలి గాయపడ్డారు. ట్రిగ్గర్ మరీ బిగువు కావడం వల్లనే గురి తప్పిందని కొందరు విమర్శించారు. తేలిగ్గా ఉంటే పొరపాటున పేలుతుంది, బరువుగా ఉంటే పొరపాటున తగులుతుంది. ఏ బరువు దగ్గర మనిషి పొరపడకుండా ఉంటాడో చెప్పే తక్కెడ ఇంకా రాలేదు.

ఇంతవరకూ పేలకుండా ఉండే విద్య. పేలడంలోనూ క్రమశిక్షణ ఉంది. నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలితే సెమీ ఆటోమేటిక్. నొక్కి ఉంచినంతసేపూ పేలుతుంటే ఆటోమేటిక్. ఏది కావాలో తేల్చడానికి సెలెక్టర్ అనే మీట. అది చిన్నదే కానీ, దాన్ని చూస్తే ఆ దేశానికి తన సైనికుడి మీద ఉన్న అభిప్రాయం తెలిసిపోతుంది.

సోవియట్ వారి కలాష్నికోవ్ ఏకే-47నే తీసుకోండి. కుడివైపు పొడుగాటి రేకు మీట. పైన ఉంటే సేఫ్. ఒక మెట్టు దిగితే ఆటోమేటిక్, రెండో మెట్టుకు దిగితే ఒక్కొక్కటి. అంటే ముందు కుండపోత, తర్వాత చినుకు. బెదిరిపోయిన సైనికుడు మీటను అడుగంటా కొడతాడు, అప్పుడు ఒక్కొక్కటే పేలి తూటాలు మిగులుతాయి అన్నది దీనికి చాలామంది చెప్పే వివరణ. తన మనిషి భయపడతాడని ముందే లెక్కలో వేసుకున్న ఇంతటి వాస్తవిక దృష్టి ప్రణాళికా సంఘాలకు కూడా ఉండదు. నిమిషానికి దాదాపు 600 తూటాల వేగం, మ్యాగజైన్‌లో 30. ఆటోమేటిక్‌లో పెట్టి వేలు తీయకపోతే మూడు సెకన్లలో ఖాళీ. నాలుగో సెకను నుంచి అతని చేతిలో మిగిలేది బరువైన కట్టె. పైగా ఆ మీట కదిపితే టక్కుమని గట్టిగా శబ్దం వస్తుంది. ఎదుటి పక్షానికి ముందస్తు నోటీసు ఇవ్వడం సహజ న్యాయసూత్రమే కదా.

అమెరికా వారి ఎం-16లో వరస మర్యాదగా ఉంటుంది. సేఫ్, తర్వాత ఒక్కొక్కటి, ఆ తర్వాత ఆటోమేటిక్. తమ సైనికుడు నెమ్మదిగా ఆలోచించి మెట్టుమెట్టుగా దిగుతాడని నమ్మారు. వియత్నాంలో అతను నేరుగా ఆఖరి మెట్టు దగ్గర కాపురం పెట్టాడు. తూటాలు గుట్టలుగా ఖర్చయ్యాయి. అందుకని 1980లలో వచ్చిన ఎం16ఏ2లో ఆటోమేటిక్ తీసేసి, నొక్కితే మూడు పేలి ఆగిపోయే బరస్ట్ పెట్టారు. నిగ్రహం మనిషిలో లేకపోతే పళ్లచక్రంలో పెట్టవచ్చునని. ఆ చక్రం మూడు వరకు లెక్కపెడుతుంది, నిజమే. కానీ రెండు పేలాక వేలు తీసేస్తే లెక్క అక్కడే నిలిచిపోతుంది. మళ్లీ నొక్కినప్పుడు మూడు రావు, పాత బాకీ ఒక్కటే తీర్చి ఊరుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చిన వేళ తుపాకీ పద్దు పుస్తకం తెరవడం సైనికులకు నచ్చలేదు. దశాబ్దాల తర్వాత ఆ సైన్యం ఎం4ఏ1 అనే తుపాకీతో మళ్లీ ఆటోమేటిక్ వైపే మళ్లింది.

మనం మాత్రం వెనకబడతామా? మన ఇన్సాస్ రైఫిల్‌లో కూడా ఒక్కొక్కటి, మూడేసి అనే రెండు పద్ధతులే ఉండేవి. ఆటోమేటిక్ లేదు. కార్గిల్ యుద్ధంలో, 1999లో, దాని మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. మూడేసి పద్ధతిలో పెడితే అది ఆగకుండా ఆటోమేటిక్‌గా కాలుస్తోందట. చలికి మ్యాగజైన్లు పగులుతున్నాయని, కాల్చేవారి కళ్లలో నూనె చిమ్ముతోందని కూడా అన్నారు. అవి సరే. అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చిన సర్కారీ సరుకు దేశచరిత్రలో బహుశా ఇదొక్కటే. దాన్ని కూడా ఫిర్యాదు చేశారు.

చట్టాలు ట్రిగ్గర్‌ను ఇంకా నిశితంగా చూస్తాయి. మన 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, ట్రిగ్గర్‌పై ఒత్తిడి తీసేసేదాకా గానీ మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా గానీ ఆగకుండా పేలుతూ ఉండే తుపాకీ నిషిద్ధం. వేలు అలిసిపోవాలి, లేదా తూటాలు అయిపోవాలి. మనిషికి బుద్ధి రావడమనే మూడో ముగింపును చట్టం ఊహించలేదు. శాసనకర్తల లోకానుభవానికి జోహార్లు.

అమెరికా చట్టం 1934 నాటిది. ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి తూటాలు వాటంతటవే పేలే ఆయుధం మెషిన్ గన్ అంటుంది. ఆ ‘ఒక్కసారి’ మీద దేశ సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లారు. 2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో ఒకడు హోటల్ 32వ అంతస్తు నుంచి సంగీత కచేరీకి వచ్చిన జనం మీద వెయ్యికి పైగా తూటాలు కాల్చాడు. మృతుల సంఖ్య చివరికి 60కి చేరింది. అతని తుపాకులు చట్టప్రకారం మెషిన్ గన్లు కావు. వాటిలో చాలావాటికి బంప్ స్టాక్ అనే పిడి ఉంది. పేలిన అదురుకు తుపాకీ ఆ పిడిలోనే వెనక్కి వస్తుంది, రెండో చేయి తోస్తుంటే మళ్లీ ముందుకు వెళ్తుంది. వేలు ఉన్నచోటే ఉంటుంది. ట్రిగ్గరే వచ్చి వేలికి కొట్టుకుంటుంది, వేగంగా, మళ్లీమళ్లీ.

ఆ పిడిని ట్రంప్ ప్రభుత్వం 2018 చివరలో నిషేధించింది. టెక్సస్‌లోని ఒక తుపాకుల వ్యాపారి కోర్టుకెక్కాడు. 2024 జూన్‌లో తీర్పు వచ్చింది. ఆరుగురు న్యాయమూర్తులు అటు, ముగ్గురు ఇటు. జస్టిస్ క్లారెన్స్ థామస్ రాసిన తీర్పులో ట్రిగ్గర్ లోపలి భాగాల బొమ్మలు కూడా ఉన్నాయి. ప్రతి తూటాకూ ట్రిగ్గర్ విడివిడిగా కదిలి, తిరిగి సర్దుకుంటోంది కాబట్టి ఇది మెషిన్ గన్ కాదని, నిషేధం చెల్లదని తేల్చారు. బాతులా నడిచి, బాతులా ఈది, బాతులా అరిచేదాన్ని నేను బాతనే అంటానని జస్టిస్ సోటోమేయర్ విభేదించారు. నా కక్షిదారు పక్షాన ఇంతకంటే గొప్ప తీర్పు ఉండదు. తుపాకీ నిర్దోషి అని ముందే చెప్పాను. ఇప్పుడు ముద్దాయి అయిన వేలు కూడా కదలకుండా కూర్చుని ఉందని తేలింది. ఇక ఎవరిని పట్టుకోవాలో ఆ 60 కుటుంబాలే వెతుక్కోవాలి.

వేలి మీద నేరుగా చెయ్యి వేసిన ఘనత ఒక విధంగా మనదే. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, పెళ్లిళ్లలో, గుళ్లలో, సభల్లో సంబరంగా తుపాకులు కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. ఉత్తరాదిన బారాత్‌లో వరుడి మేనమామ ఆకాశంలోకి కాల్చడం ఒక లాంఛనం. మన వైపు బ్యాండుతో, టపాసులతో సరిపెట్టుకుంటాం. పైకి వెళ్లిన బుల్లెట్ అక్కడే ఉండిపోతుందనే నమ్మకం మీద ఆ సంప్రదాయం నిలబడి ఉంది. మేనమామ చేతిలోని తుపాకీ సేఫ్టీ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. ఆయన దాన్ని తీశాడు కాబట్టే కాలుస్తున్నాడు.

కనుక ప్రభుత్వానికి నా సూచన. ఇకపై లైసెన్సు తుపాకీకి కాదు, వేలికి ఇవ్వాలి. ఓటు వేసినప్పుడు ఎడమ చూపుడువేలికి సిరా పూస్తున్నాం కాబట్టి పాలనాయంత్రాంగానికి వేళ్లతో వ్యవహరించిన అనుభవం ఉంది. కుడిచెయ్యి చూపుడువేలికి ఐఎస్ఐ ముద్ర వేయించాలి. మామూలు వేళల్లో ట్రిగ్గర్ బరువు రెండున్నర కిలోలు, ఒక పెగ్గు పడ్డాక ఐదున్నర, రెండో పెగ్గుకు పదకొండు, మూడోదానికి గ్యాసు సిలిండరంత. డీజే మొదలైతే బరస్ట్ పద్ధతి రద్దు. మేనమామలకు సెలెక్టర్‌లో సేఫ్ తప్ప వేరే గీత ఉండకూడదు.

ఈ నిబంధనలు గెజిట్‌లోకి ఎక్కేదాకా అటువైపు పెళ్లిళ్లకు వెళ్లే తెలుగువారు షామియానా కింద కూర్చోవద్దని మనవి. గుడ్డ పందిరి బుల్లెట్‌ను ఆపదు. సిమెంటు కప్పు ఉన్న వంటశాల పక్కన కుర్చీ వేసుకోండి. వడ్డన కూడా ముందే అందుతుంది.