ఇంపోర్టులు పైన పెట్టమనేది సోకు కోసం అనుకుంటున్నారా?

"ఇంపోర్ట్ ఇన్ బాడీ ఆఫ్ మాడ్యూల్, రీఆర్డర్ టు టాప్." జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ టూల్, వేరే ఫైలును తెచ్చుకునే ఇంపోర్ట్ లైను ఫైలు మధ్యలో కనపడితే ఇట్ల అరుస్తుంది. ఈ ఎర్ర గీత కనపడంగానే మనోళ్లు చేసే మొదటి పని ఫైలు నెత్తిన రూలు నోరు మూయించే ఈఎస్‌లింట్ డిజేబుల్ కామెంట్ అతికించడం. అనంతపురంలో ఫైనలియర్ ప్రాజెక్టు చేసే పిల్లోడైనా, బెంగళూరులో టీమ్ లీడ్ అయిన కర్నూలు సీనియరైనా ఈ విషయంలో తేడా లేదప్పా. కామెంట్ పెడితే గీత పోతుంది. ఫైలు నడిచే వరస మాత్రం రవ్వంత కూడా మారదు. నా గొడవంతా అదే.

జావాస్క్రిప్ట్‌లో ఇంపోర్ట్ అనేది మామూలు లైను కాదు. 2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్‌తో మాడ్యూల్స్ (ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకునే ఫైళ్లు) వచ్చిన నాడే ఈ సంగతి తేలిపోయింది. మీ ఫైల్లో ఒక్క లైను నడవకముందే ఇంజిన్ ఇంపోర్టులన్నీ ఏరుకుంటుంది, ఆ ఫైళ్లను రాసిన వరసలోనే నడిపిస్తుంది, తర్వాతే మీ కోడ్ దగ్గరికి వస్తుంది. ఇంపోర్ట్‌ను 1వ లైన్లో రాసినా 40వ లైన్లో రాసినా ముందు నడిచేది అదే. మధ్యలో రాస్తే ఫైలు చదివేవాడికి ఒక వరస కనపడుతుంది, మిషన్ ఇంకో వరసలో నడుపుతుంది. ఆ ఎర్ర గీత గీసే ఇంపోర్ట్ ఫస్ట్ అనే రూలు పట్టుకునేది సరిగ్గా ఈ తేడానే. దీన్ని ఫార్మాటింగ్ రూల్స్ గంపలో వేసి, సెమికోలన్ గొడవలతో కలిపి మాట్లాడితే ఒళ్లు మండుతుంది.

ఎట్ల కొడుతుందో చూడండి. ఆదోని యార్డులో పత్తి ధరలు చూపే చిన్న ఎక్స్‌ప్రెస్ (జావాస్క్రిప్ట్‌తో సర్వర్లు రాసే లైబ్రరీ) సర్వర్ రాస్తున్నారనుకుందాం. మొదటి లైన్లో డాటెన్వ్ ఇంపోర్ట్, అంటే పాస్‌వర్డ్, అడ్రసు లాంటి సెట్టింగులు దాచిన ఎన్వ్ ఫైలును చదివే లైబ్రరీ. రెండో లైన్లో దాని కాన్ఫిగ్ కాల్. మూడో లైన్లో డేటాబేస్ తెరిచే డీబీ ఫైలు ఇంపోర్ట్. పైనుంచి చదివితే ఏ తప్పూ లేదు: ఎన్వ్ ఫైలు లోడైంది, తర్వాత డేటాబేస్ తెరుచుకుంది. నిజానికి డీబీ ఫైలు ముందే నడిచిపోయింది. అందులో ప్రాసెస్ డాట్ ఎన్వ్ (ఆ సెట్టింగులు వచ్చి చేరే చోటు) నుంచి తీసుకున్న డేటాబేస్ అడ్రసు అన్‌డిఫైన్డ్, అంటే ఏమీ లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు వాడే పీజీ లైబ్రరీ అయితే అడ్రసు లేదని కూడా చెప్పదు, నేరుగా లోకల్‌హోస్ట్, అంటే మీ మిషన్లోనే ఉన్న 5432 పోర్టుకు పోయి తలుపు తడుతుంది. వచ్చే ఎర్రర్ కనెక్షన్ రిఫ్యూజ్డ్. ఇంక పాస్‌వర్డ్ మార్చేవాడు ఒకడు, ఫైర్‌వాల్ తిప్పేవాడు ఒకడు. ఇంకొందరి మిషన్లో పోస్ట్‌గ్రెస్ లోకల్‌గా నడుస్తూనే ఉంటుంది, అది మరీ ప్రమాదం. వేరే డేటాబేస్‌లో రాస్తున్నామన్న సంగతే తెలియదు.

మందు చిన్నదే. కాన్ఫిగ్ కాల్ తీసేసి, మొట్టమొదటి లైన్లో డాటెన్వ్ స్లాష్ కాన్ఫిగ్‌ను పేరు లేకుండా ఇంపోర్ట్ చేయండి. సర్వర్‌ను నడిపే నోడ్ 20.6 లేదా ఆపైది అయితే ఎన్వ్ ఫైల్ ఫ్లాగ్ ఇచ్చి నడిపినా చాలు, డాటెన్వ్ అవసరమే ఉండదు. ముందు జరగాల్సిన పని ఇంకేదైనా ఉంటే దాన్ని ఒక చిన్న ఫైల్లో పెట్టి, ఆ ఫైలును అన్నిటికంటే ముందు ఇంపోర్ట్ చేయండి. ఇంపోర్టుల మధ్య వరస ఖాయంగా ఉంటుంది కాబట్టి పని జరుగుతుంది. రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటే మాత్రం ఆ వరస మీద ఆశ పెట్టుకోవద్దు.

వరస సర్దే టూల్ వచ్చి ఈ పేరు లేని ఇంపోర్ట్‌ను కిందికి నెట్టేస్తుందేమో అని భయం ఉంటుంది. ఇంపోర్ట్ ఆర్డర్ అనే పక్క రూలు పేరు లేని ఇంపోర్టుల జోలికి పోదు. వేరే సార్టింగ్ ప్లగిన్ వాడుతుంటే మాత్రం దాని సెట్టింగ్ ఒకసారి చదవండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఫిక్స్ అని కొడితే ఈఎస్‌లింట్ తానే ఇంపోర్టులను పైకి జరుపుతుంది. "ఫిక్స్ కొట్టినాను, నడిచే సర్వర్ పడిపోయింది, దరిద్రపు రూలు" అని తిట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. టైప్‌స్క్రిప్ట్‌ను (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) కామన్‌జేఎస్‌లోకి, అంటే నోడ్ పాత మాడ్యూల్ పద్ధతిలోకి కంపైల్ చేస్తే, అది ప్రతి ఇంపోర్ట్‌ను రాసిన చోటే రిక్వైర్‌గా (ఆ పద్ధతిలో ఫైలును తెచ్చే కాల్) మార్చిపెడుతుంది, పైకి లేపదు. బేబెల్ అనే ఇంకో కంపైలర్ అయితే పైకి లేపుతుంది. అంటే అదే మూడు లైన్లు ఒక టూల్‌తో నడుస్తాయి, ఇంకోదాంతో నడవవు. ఆటో ఫిక్స్ ఇంపోర్ట్‌ను పైకి జరిపితే అసలైన ఈఎస్ మాడ్యూల్‌లో నడిచే వరస ఏమీ మారదు, ఎందుకంటే అది ముందు నుంచీ పైనే నడుస్తోంది. టైప్‌స్క్రిప్ట్ కామన్‌జేఎస్‌లో మాత్రం నిజంగానే మారిపోతుంది. మరి తప్పు రూలుదా? అదే ప్రాజెక్టును రేపు ఈఎస్ మాడ్యూల్‌కు మార్చినా ఇదే దెబ్బ తగిలేది. ఫిక్స్ కొట్టడానికి ముందు టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైలు టీఎస్‌కాన్ఫిగ్‌లో మాడ్యూల్ సెట్టింగ్ ఏముందో చూడండి. కామన్‌జేఎస్ అయితే చేత్తోనే జరపండి, ఒక్కో ఫైలుగా.

ఆటో ఫిక్స్ అన్నీ జరపదు కూడా. ఇంపోర్ట్ లైనుకు పైనే ఆ పేరును వాడేసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. అట్ల మిగిలినవే మీరు కండ్లు పెట్టి చూడాల్సినవి.

రియాక్ట్ పిల్లలకు ఈ గీత ఎక్కువగా వచ్చేది లేజీ వల్ల, అంటే కాంపొనెంట్‌ను అవసరమైనప్పుడే లోడ్ చేసే ఫంక్షన్ వల్ల. రెండు ఇంపోర్టులు రాసి, మధ్యలో రియాక్ట్ లేజీతో ఒక కాన్స్ట్ పెట్టి, మళ్లీ ఇంపోర్టులు మొదలుపెడతారు. లేజీ లోపల ఉండే ఇంపోర్ట్ బ్రాకెట్ ఒక ఎక్స్‌ప్రెషన్, ఇంపోర్ట్ డిక్లరేషన్ కాదు. ఆ కాన్స్ట్ లైన్లన్నీ ఇంపోర్టుల కిందికి దించండి, అయిపోయింది. ఇంకోటి నవ్వొచ్చేది: లైను చివర పొరపాటున రెండు సెమికోలన్లు. రెండోది ఖాళీ స్టేట్‌మెంట్ కింద లెక్క, కింద ఉన్న ఇంపోర్టులన్నిటికీ ఎర్ర గీతే. ఇంపోర్టుల మధ్య ఎక్స్‌పోర్ట్ ఫ్రమ్ లైను (వేరే ఫైల్లోని పేరును మళ్లీ బయటికిచ్చేది) ఉన్నా అంతే. ఇక్కడ రూలు కొంచెం మొండిదని ఒప్పుకుంటాను. అదీ ఇంపోర్ట్ మాదిరే ముందు నడిచేదే కదా. యూజ్ క్లయింట్, యూజ్ స్ట్రిక్ట్ లాంటి డైరెక్టివ్‌లు పైన ఉండొచ్చు, ఉండాలి కూడా. రూలు వాటిని ఏమీ అనదు.

టెస్టులు నడిపే జెస్ట్‌లో, అసలు ఫైలు బదులు నకిలీది పెట్టే మాక్ కాల్స్ సంగతి: బేబెల్‌తో నడిచే జెస్ట్ ఆ కాల్స్‌ను తానే ఇంపోర్టుల పైకి లేపుతుంది. కింద రాసుకోండి, రూలుతో తగాదా ఉండదు.

పైథాన్‌లో ఈ402 అని ఇదే ముఖం ఉన్న రూలు ఉంది, పైకోడ్‌స్టైల్ అనే చెక్ చేసే టూల్‌ది. ముఖమే ఒకటి, మనిషి వేరు. పైథాన్‌లో ఇంపోర్ట్ మామూలు స్టేట్‌మెంట్, రాసిన చోటే నడుస్తుంది. పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 పైన పెట్టమనేది అలవాటు కోసం, చదివేవాడి సుఖం కోసం. కాబట్టి జావాస్క్రిప్ట్ ధైర్యంతో ఇక్కడ లైన్లు పైకి జరిపితే పళ్లు రాలతాయి. విడిగా రాసిన జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) స్క్రిప్ట్‌లో సెటప్ కాల్ కంటే పైకి మోడల్స్ ఇంపోర్ట్ పోయిందంటే "యాప్స్ ఆరెంట్ లోడెడ్ యెట్" అని ఆగిపోతుంది. సిస్ పాత్ (మాడ్యూళ్లను వెతికే చోట్ల జాబితా) మార్చే లైను కంటే పైకి పోతే మాడ్యూల్ దొరకదంటుంది. కోడ్‌ను తానే సర్దే ఆటోపెప్8 ఈ జరుపుడు పని చేస్తుంది, జాగ్రత్త. రఫ్ అనే లింటర్ కొంచెం తెలివైంది, సిస్ పాత్, ఓఎస్ ఎన్విరాన్ మార్పులు ఇంపోర్టుల మధ్య ఉంటే వదిలేస్తుంది. ఇంపోర్టుల వరస సర్దే ఐసార్ట్ కూడా మధ్యలో కోడ్ వస్తే దాన్ని దాటించదు, ఫ్లోట్ టు టాప్ అని మీరు అడిగితే తప్ప. జాంగో సెటప్ లాంటి చోట రూలును ఆపే నోక్యూఏ ఈ402 కామెంట్ ఆ లైను మీదే పెట్టండి, పక్కన కారణం నాలుగు మాటల్లో రాయండి. ఇక్కడ డిజేబుల్ కామెంట్ న్యాయమైనది. జావాస్క్రిప్ట్‌లో అదే కామెంట్ కళ్లకు గంతలు.

పాత రిపోలో ఇంపోర్ట్ ఫస్ట్ రూలు మొదలుపెట్టేవాళ్లకు: వార్నింగ్‌గా పెట్టొద్దు, వార్నింగులు ఎవరూ చదవరు. ఎర్రర్‌గానే పెట్టండి. ముందు ఉన్న డిజేబుల్ కామెంట్లన్నీ వెతికి తీసేయండి, లేకపోతే అసలు ఫైళ్లే దాక్కుంటాయి. ఫిక్స్ కొట్టిన మార్పును వేరే ఏ పనితోనూ కలపకుండా ఒక్క కమిట్‌గా వేయండి. ఆ కమిట్ హ్యాష్‌ను, ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్ లెక్కలోకి తీసుకోకుండా, గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ ఫైల్లో చేర్చండి, ఆరు నెలల తర్వాత బ్లేమ్ చూసేవాడికి ప్రతి ఇంపోర్ట్ పక్కనా మీ పేరే కనపడకుండా ఉంటుంది.