కాళ్లూ చేతులూ బాగుంటే చాలా?

‘నడువు’ అన్నారు. నడిచాడు. ‘సంతకం పెట్టు’ అన్నారు. పెట్టాడు. ‘బాగానే ఉన్నాడు కదమ్మా, తీసుకెళ్లు’ అన్నారు. మొన్న వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు నుంచి ఓ తల్లి కొడుకుని వెంటబెట్టుకుని ఉత్త చేతులతో హన్మకొండకు తిరిగొచ్చింది. బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన ఆ పిల్లాడికి పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. పొయ్యి వెలిగించి బయటికి వెళ్లిపోతాడు. పొద్దున ఏం తిన్నావని అతన్ని అక్కడ ఎవరూ అడగలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలగాయం పేరు అందులో విడిగా లేదు. 40 శాతం వైకల్యం తేలకపోతే నెలకు 4,016 రూపాయల పింఛనూ రాదు. అదే చట్టం 27వ సెక్షన్ మాత్రం పునరావాసం ప్రభుత్వాల బాధ్యతేనంటుంది, ఆర్థిక స్తోమతకు లోబడి అన్న మెలికతో. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టామని చెప్పుకుంటాం. ఆ ప్రాణం రేపు ఎలా బతకాలో మాత్రం మాకు సంబంధం లేదంటామా?

డాక్టర్లకే కొరత ఉన్నప్పుడు ఈ పునరావాసమంతా ఎక్కడ సాధ్యమనే వాళ్లున్నారు. కొరత నిజమే. కానీ ఇక్కడ కావాల్సింది కోట్ల మెషీన్లు కాదు. ఫోన్‌లో అలారం, జేబులో నోట్‌బుక్, వంటింటి డబ్బాల మీద బొమ్మలు. ఆ తల్లి ఎవరూ చెప్పకుండానే గోడ నిండా చీటీలు అంటించింది. చీటీ చూడాలన్న సంగతే కొడుక్కి గుర్తుండదు! అలారం మోగగానే నోట్‌బుక్ తెరవడాన్ని వారాల తరబడి, రోజూ అదే వేళకు చేయించి అలవాటుగా మార్చాలి. ‘గుర్తు తెచ్చుకో’ అని వేధించకుండా సరైన జవాబు ముందే అందించాలి, ఎందుకంటే అతను తప్పు చెబితే ఆ తప్పే మనసులో పాతుకుంటుంది. ఇది నేర్పడం ఒక విద్య. బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఉంది. భూపాలపల్లి, ములుగు నుంచి కూడా తలగాయాలతో జనం పరుగెత్తుకొచ్చే వరంగల్‌లో ఆ పని చేసే ఒక గది, ఇద్దరు శిక్షకులు ఉండాలని అడిగితే అది గొంతెమ్మ కోరికా?

చెయ్యి పోతే వైకల్యం. జ్ఞాపకం పోతే ‘బాగానే ఉన్నాడు’. ఈ రెండు నాల్కల ధోరణిని మేం ఒప్పుకోం. జనవరిలో హెల్మెట్ ర్యాలీలకు జెండా ఊపే అధికారులారా, ఫిబ్రవరిలో వచ్చి ఆ క్యాంపులో కూర్చోండి. నడిపించి చూసి పంపేయకండి. పొద్దున ఏం తిన్నాడో అడగండి.