ఊరందరికీ ఒకే పుస్తకం

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు ఈ మధ్య నా మీద పెద్ద భారం పెట్టాడు. "మావయ్యా, మన ఊళ్లో గడపగడపకీ ఒక పుస్తకం పంచుదామనుకుంటున్నాను. ఒకటే పుస్తకం, అందరూ చదవాల్సింది. పేరు మీరు చెప్పండి, డబ్బులు నేను పంపుతాను" అన్నాడు. వాడికి పెళ్లి సంబంధాలు వెతికినప్పుడు కూడా నేనింత టెన్షన్ పడలేదు. అక్కడ నచ్చాల్సింది ఇద్దరికే.

పని పద్ధతిగా చేద్దామని ముందు శాస్త్రం చూశాను. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్. ఆయన 1931లో మద్రాసులో అయిదు సూత్రాలు అచ్చువేయించారు. ప్రతి పాఠకుడికీ తనదైన పుస్తకం అంటుంది రెండోది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అంటుంది మూడోది. ఊరందరికీ ఒకే పుస్తకం అనే సూత్రం కోసం చివరిదాకా వెతికాను, లేదు. అంత పెద్దాయన ఇంత ముఖ్యమైన సంగతి ఎలా మర్చిపోయారో! పాఠకుడి సమయం వృథా చెయ్యొద్దనే నాలుగో సూత్రాన్ని మాత్రం మా ఊరివాళ్లు ఎప్పటినుంచో పాటిస్తున్నారు. లైబ్రరీ వైపే రారు.

సరే, జనాన్నే అడుగుదామని బయల్దేరాను. కొబ్బరి దింపు తీసే అతను చెట్టు మీద నుంచే జవాబిచ్చాడు. "ఎక్కాక ఖాళీ ఉండదండి, దిగాక ఓపిక ఉండదండి. మీరే చదివేసి కథ చెప్పేద్దురూ!" రొయ్యల చెరువు రైతుకి వచ్చేవారం వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే రొయ్య, రేటు ఎంత పలుకుతుందో ముందే చెప్పే పుస్తకం కావాలి. అలాంటిది దొరికితే మొదటి కాపీ నేనే దాచుకుంటానని మర్యాదగా చెప్పాను. డీఎస్సీకి చదువుతున్న అమ్మాయి "ఇందులోంచి ఎన్ని బిట్లు వస్తాయండీ?" అంది. మా పెద్దమ్మ కథ గురించి ఏమీ అడగలేదు, అక్షరాలు మాత్రం బొబ్బట్లంత ఉండాలంది.

రిటైరైన మాస్టారు ఒక్కరే వెంటనే పేరు చెప్పారు. ఆయన కాకినాడలో కాలేజీ చదువుతూ, పదిహేడో ఏట, వానలో, ఎవరికోసమో ఎదురుచూస్తూ చదివిన నవల అది. పుస్తకం అయితే తెప్పించొచ్చు. ఆ వాననీ, ఆ పదిహేడో ఏడునీ, ఆ రాని మనిషినీ గడపగడపకీ ఎలా పంచడం? మాస్టారికి ఆ సంగతి చెబితే, ఈ కాలం వాళ్లకి అభిరుచి లేదన్నారు. నాకు అరవై నాలుగేళ్లు.

నా చరిత్ర కూడా అంత గొప్పదేం కాదు. మా బావమరిదికి గుండె ఆపరేషన్ అయ్యాక కాలక్షేపానికి ఒక మంచి నవల ఇచ్చాను. నలభయ్యో పేజీలో నాయకుడి గుండె ఆగిపోయింది. నేను చదివినప్పుడు అది చాలా గొప్ప ఘట్టంలా అనిపించింది. మా చెల్లెలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటోంది.

భారతం ఉండగా ఇంత వెతుకులాట ఎందుకన్నారు కొందరు. తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి కదా అని. ఆ సామెతని జాగ్రత్తగా చూడండి. వినమంది గానీ చదవమనలేదు. పైగా గారెల దగ్గరే ఊళ్లో సగం మందికి డాక్టరు అడ్డుపడుతున్నాడు. మన గోదావరి గట్టునే, రాజమహేంద్రవరంలో, నన్నయ గారు మొదలుపెట్టి రెండున్నర పర్వాలు రాశారు. తిక్కన గారు విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు పూర్తిచేశారు. మధ్యలో మిగిలింది ఎర్రన గారు పూరించారు. రాయడానికే ముగ్గురు కావలసి వచ్చిన పుస్తకాన్ని ఒక్కో ఇంటాయన ఒక్కడే చదివేస్తాడా? మా ఊళ్లో విరాటపర్వమైతే వానల కోసం చదివిస్తారు. వాన పడగానే పుస్తకం మూసేస్తారు.

మా మేనల్లుడు ఈ డెల్టా నీళ్లు తాగి పెరిగినవాడే, అదే నా బాధ. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాడు. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. వచ్చేవి అన్నీ ఒకే గోదావరి నీళ్లు. అయినా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలని విడగొట్టి, కాలువలు, పిల్లకాలువలు, పంటబోదెలు తవ్వి, రెండో పంట దాళ్వాకి వంతులు పెట్టి వదిలితే గానీ చేలోకి చేరవు. చేరాక కూడా శివారు రైతు తనకి అందలేదనే అంటాడు. నీళ్లలో పాత్రలు లేవు, ముగింపు లేదు, యాస మీద పేచీ లేదు. వాటికే ఇంత యంత్రాంగం కావలసి వస్తే, వీడు గేట్లన్నీ ఎత్తేసి పుస్తకాన్ని ఊరి మీదకి వదులుదామంటున్నాడు. వరదొస్తే మాత్రం అందరికీ సమానంగానే అందుతుంది, కాదనను.

చివరికి రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. రెండు గంటల చర్చ, మూడు విడతల టీ అయ్యాక ఎవరో అన్నారు, "అన్ని ఇళ్లలోనూ ఇప్పటికే ఉన్న పుస్తకం పంచాంగమే కదండీ!" అందరూ ఆయ్ అన్నారు. నిజమే. వేరే పుస్తకం ముట్టనివాడు కూడా దాన్ని ఉగాది నాడు శ్రద్ధగా తిరగేస్తాడు. తన రాశికి ఆదాయం, పక్కింటాయన రాశికి అవమానం చూసుకుని తృప్తిగా మూసేస్తాడు. ఒకే పుస్తకం, ఎవరి పేజీ వారిది. రంగనాథన్ గారు కూడా కాదనలేరు.

ఫోన్ చేసి మేనల్లుడికి చెప్పేద్దామని జేబులో చెయ్యి పెట్టానో లేదో, ఎవరి పంచాంగం అన్నారు పురోహితుడుగారు. తిథులు లెక్కకట్టింది దృక్ పద్ధతిలోనా, పూర్వ పద్ధతిలోనా? అరుగు రెండుగా చీలిపోయింది. టీ గ్లాసులు పక్కన పెట్టేశారు. గొంతులు పెరిగేసరికి నేనే కల్పించుకుని, వచ్చే ఏకాదశి నాడు ప్రశాంతంగా మళ్లీ కూర్చుందామన్నాను. దానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

ఒక పంచాంగంలో అది శుక్రవారం పడింది, రెండో దాంట్లో శనివారం.